ఈ ఒక్క ఆట అయ్యాక

ఆగస్టు 7, 2000. సోమవారం

ఇవాళ నా టైపు మిషను పట్టుకుపోయారు. ఇరవై ఆరేళ్ళు దాని మీద కొట్టాను. శంకర్ నగర్‌లో ఈ ధాన్యం మిల్లుల సంఘం ఆఫీసు పెట్టిన ఏడాది అది వచ్చింది, దాని వెనకాలే నేను వచ్చాను. ఇద్దరు కూలీలు చెరోవైపు పట్టుకుని మెట్లు దిగుతుంటే రిబ్బను జారి నేలంతా ఈడ్చుకుపోయింది. మా సెక్రటరీ దేవాంగన్ సాబ్ నవ్వుతూ నిలబడ్డాడు.

"కొత్త రాష్ట్రం వస్తోంది తాయారమ్మజీ. రాయపూర్ రాజధాని అయిపోతుంది. రాజధానిలో ఈ ఖట్ ఖట్ ఏం బాగుంటుంది?" అన్నాడు హిందీలో.

దాని చోట కంప్యూటరు పెట్టారు. అక్టోబరు ఆఖరుకల్లా నేర్చుకోవాలట. రాకపోతే డిస్పాచ్‌లో కూర్చుని కవర్లకు జిగురు రాయాలట. నేను! ఈ ఊళ్ళో హిందీ, ఇంగ్లీషు రెండూ కళ్ళు మూసుకుని కొట్టే మనిషిని చూపించమనండి!

ఎవరితో చెప్పుకోను? అందుకే ఇందులో రాస్తున్నాను. ఈ పుస్తకం ఎవరూ ముట్టరు. ఇంట్లో ఉన్నది ఆయనొక్కరు, నా వస్తువు ముట్టేంత ధైర్యం ఆయనకు లేదు.

సాయంత్రం ఆయన ఒక మాట అడిగారు. "అక్టోబరు ముప్పై ఒకటికి నాకు రిటైర్మెంటు గదేటి. షాపులో మీటింగు పెడతారు. ఆరోజు నా పక్కన నువ్వుండాల తాయారూ."

ఆయన పనిచేసే రైల్వే వ్యాగన్ షాపులో అదొక ఆనవాయితీ. ఆఖరి రోజు నాలుగింటికి పని ఆపేసి, దిగిపోయే మనిషినీ పెళ్ళాన్నీ పక్కపక్కన కూర్చోబెడతారు. ఇద్దరికీ దండలేస్తారు. బాజాతో జీపులో క్వార్టరు దాకా ఊరేగిస్తారు. ముప్పై ఆరేళ్ళు ఫిట్టరుగా చేశారు కదా, ఆశ పడుతున్నారు.

చూద్దాం అన్నాను. పద్దెనిమిదేళ్ళుగా ఆయన ఏమడిగినా నా జవాబు అదే.

ఆగస్టు 9

దాని పేరు ఎలకట. నేనిటు లాగితే బాణం అటు పోతుంది. రెండు గంటలు. మెడ పట్టేసింది.

ఆగస్టు 11, శుక్రవారం

కోపం ఇంకా దిగలేదు.

నేర్పడానికొచ్చే పిల్ల పేరు సరిత చంద్రాకర్. ఇరవై రెండేళ్ళుంటాయి. మంచిదే, ఓపికుంది. "ఆంటీజీ, చెయ్యి బిగపట్టేస్తున్నారు. ముందు ఆడండి, పని తర్వాత" అని ఏదో నొక్కింది. తెరంతా ఆకుపచ్చ గుడ్డ పరిచినట్టయింది. దాని మీద ఏడు వరసలు.

పేకముక్కలు!

నేను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "ఛీ, తీసెయ్" అన్నాను. అది నవ్వింది. "ఇది జూదం కాదు ఆంటీజీ, ఒంటరిగా ఆడుకునేది, సాలిటేర్" అంది. నేను సంచీ తీసుకుని ఇంటికొచ్చేశాను.

రాయకూడదనుకున్నాను గానీ చెయ్యి ఊరుకోవడం లేదు. 1982 జూలై. బొబ్బిలి నుంచి టెలిగ్రాం, అమ్మకు ప్రాణం మీదికొచ్చింది, వెంటనే రమ్మని. షాపు అడ్రసుకు వచ్చింది, ఆయన చేతికి. పన్నెండింటికి. షిఫ్టు దిగి దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి బయల్దేరిన పెద్దమనిషి, దారిలో రైల్వేవాళ్ళ క్లబ్బు, ఆ ఇన్‌స్టిట్యూట్‌లో పేకాటకు కూర్చున్నాడు. నాలుగు గంటలు! ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి వాల్తేరు బండి వెళ్ళిపోయింది. మళ్ళీ బండి మర్నాడే. నేను బొబ్బిల్లో దిగేసరికి అంతా అయిపోయింది. నేను చూసింది బూడిద.

జేబులో టెలిగ్రాం పెట్టుకుని మనిషన్నవాడు ఎలా ఆడతాడు? ఈ ప్రశ్న అందరినీ అడిగాను. దినాల్లో చుట్టాలందరి ముందూ అడిగాను. కాలనీ కుళాయి దగ్గర అడిగాను. ఆయన సూపర్‌వైజరు పెళ్ళాన్ని కూడా అడిగాను. అందరికీ తెలియాలి. ఇంట్లో ఉన్న పేకలు మూడూ పొయ్యిలో పెట్టి, చచ్చేదాకా ముక్క చేత్తో ముట్టనని ఒట్టేసుకున్నాను. ఆయన అప్పుడూ ఏమీ అనలేదు. ఏమంటారు, మొహం ఉంటేగా!

ఆగస్టు 14

దేవాంగన్ సాబ్ పిలిపించాడు. నేర్చుకుంటే నేర్చుకోండి, లేదా నవంబరు ఒకటో తారీకు నుంచి డిస్పాచ్ అన్నాడు. పక్కనే జిగురు సీసా ఉంది. కావాలనే పెట్టించి ఉంటాడు, వెధవ.

ఆగస్టు 21

ఒట్టు నేను మర్చిపోలేదు. చేత్తో ముట్టనన్నాను. చేత్తో ముట్టలేదు. నా చెయ్యి ప్లాస్టిక్ ఎలక మీద ఉంది, ముక్క అద్దం లోపల ఉంది. ఒక అరగంట, బాణం అలవాటయ్యేదాకా. అంతే.

ఆగస్టు 29

నాలుగు ఆటలు. పని మీదే.

సెప్టెంబరు 4, సోమవారం

ఇవాళ ఆట అయిపోయింది. అంటే గెలిచాను. ఆఖరి రాజు పైకెక్కగానే ముక్కలన్నీ ఒకటొకటే కింద పడి గంతులేసుకుంటూ తెరంతా నిండిపోయాయి. నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పను? ఆయనకా?

ఇందులో ఒక సుఖం ఉంది, ఉన్నమాట రాస్తాను. ఎర్ర ఎనిమిది మీద నల్ల ఏడు. దాని మీద ఎర్ర ఆరు. ఎక్కడిది అక్కడ. తప్పు చేస్తే ఒక ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు. బయట ఎక్కడ తీసుకోగలం? పోయినా ఎవరూ వెక్కిరించరు. మళ్ళీ పంచు అంటే పంచుతుంది. ఆ సేపు నాకు దేవాంగన్ గుర్తురాడు, జిగురు గుర్తురాదు, బొబ్బిలి కూడా గుర్తురాదు. పద్దెనిమిదేళ్ళలో నా బుర్రకు అంత నెమ్మది ఎప్పుడూ లేదు.

సరిత టీ తాగుతూ చెప్పుకొచ్చింది. మొదట్లో కంప్యూటరులో బొమ్మలే లేవట, ఆటంటే అక్షరాలేనట. తలుపు తెరువు అని టైపు కొడితే, తెరిచాను, లోపల చీకటిగా ఉంది అని జవాబు వచ్చేదట. అదైతే నేను అందరినీ ఓడించేదాన్ని! తర్వాత టీవీకి తగిలించే ఆట. అది నాకూ తెలుసు, ఎనభై అయిదులోనో ఎప్పుడో కాలనీలో ఒకరింటికి వచ్చింది. అటొక గీత, ఇటొక గీత, మధ్యలో గెంతే చుక్క. ఆ చుక్కను చూడ్డానికి ముప్పైమందిమి కిటికీలకు వేలాడాం. ఇప్పుడు గోడలు దూకే మనుషులు, కార్ల పందాలు, తుపాకులు. మెయిన్ రోడ్డు మీద గంటల లెక్కన ఆడిస్తున్నారు.

"మరి ఈ పేకాట ఎందుకు పెట్టారు?" అన్నాను.

"మీ కోసమే ఆంటీజీ. మౌస్ అంటే భయపడేవాళ్ళ చెయ్యి తిరగాలని."

పెట్టినవాడెవడో గానీ మహా గడుసువాడు. నా చెయ్యి తిరిగింది. ఇవాళ మధ్యాహ్నం రెండు సర్క్యులర్లు తప్పు లేకుండా కొట్టి ప్రింటు తీశాను. దేవాంగన్ సాబ్ "అరే వాహ్" అన్నాడు. జిగురు సీసా వాడి నెత్తిన పొయ్యాలనిపించింది.

సెప్టెంబరు 17, ఆదివారం

ఆయన పొద్దున్నే ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళారు. ప్రతి ఆదివారం వెళ్తారు. రాగానే అడిగాను, "మళ్ళీ ముక్కలు పట్టారా?"

"నేదు. పేపరు సదివి వచ్చినాను."

"మూడు గంటలు పేపరా? ఎవరి చెవిలో పెడతారు పువ్వులు!"

పక్క క్వార్టరు పైడమ్మ గోడ మీంచి విని, "ఓలమ్మ, మా ఆయన్నడగవే. పరదేశి బావు పేక ముట్టి ఎన్నేళ్ళయిందో! పేకాడేవోల్ల ఎనకాల కూకొని కూడా సూడడట, లేచి ఎల్లిపోతాడట" అంది. మొగుళ్ళంతా ఒకటే. ఒకడి అబద్ధం ఇంకొకడు కాస్తాడు.

ఒకసారి ఆ రుచి మరిగిన చెయ్యి ఊరుకుంటుందా? ఊరుకోదు.

సెప్టెంబరు 26

పదకొండు ఆటలు. భోజనం డబ్బా తెరవలేదు.

అక్టోబరు 3

సరిత వచ్చే అవసరం లేదట ఇక. నాకు అన్నీ వచ్చేశాయని దేవాంగన్ సాబ్‌కు చెప్పింది. నా సీటు ఖాయం. వెళ్తూ వెళ్తూ "ఆంటీజీ, ఆట తీసెయ్యనా? ఇక మీకు పనికిరాదుగా" అంది.

"ఉండనీ. చెయ్యి మొద్దుబారకుండా" అన్నాను. అది నా మొహం ఒకసారి చూసి సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. ఏమనుకుందో! అనుకోనీ.

అక్టోబరు 15, ఆదివారం

ఆయన నాకు చీర తెచ్చారు. ముప్పై ఒకటిన కట్టుకోవడానికట. తనంతట తాను కొట్టుకెళ్ళి చీర కొనడం నా పెళ్ళయ్యాక ఇదే మొదలు. నారింజ రంగు! ఈ వయసులో నేను నారింజ కడితే బస్సు బోర్డులా ఉంటాను.

"ఎవరైనా ఆడమనిషిని అడగలేకపోయారా?" అని గట్టిగానే అరిచాను.

"మార్చీమంతావేటి?"

"అక్కర్లేదు. వస్తాను. కట్టుకునే వస్తాను, సరేనా?"

ఆయన తల తిప్పుకున్నారు. భిలాయి నుంచి అమ్మాయి గంగాభవాని, అల్లుడు కూడా వస్తున్నారు. నేను వస్తానన్నానని సాయంత్రానికి కాలనీ అంతా చెప్పుకొచ్చినట్టున్నారు, పైడమ్మ వచ్చి బుగ్గలు నొక్కుకుంది. నాకు ఒళ్ళు మండింది. క్షమించానని ఎవరన్నారు? వస్తానన్నాను, అంతే.

అక్టోబరు 27

దీపావళి సెలవు అయ్యాక ఆఫీసు. ఊరంతా రంగులేస్తున్నారు కొత్త రాష్ట్రానికి. మధ్యాహ్నం ఎవరూ లేరు. పద్నాలుగు.

అక్టోబరు 31, మంగళవారం

కొత్త రాష్ట్రం వస్తోందని రోడ్లన్నీ మూసేశారు. శంకర్ నగర్ నుంచి ఒక్క ఆటో కదల్లేదు. పోలీసులు, పందిళ్ళు, జెండాలు. వీళ్ళ రాష్ట్రం తగలెయ్యా, నిన్నో రేపో మూసుకోకూడదా! నేను చేరేసరికి అయిదుంబావు. మీటింగు అయిపోయింది.

ఇంటికొస్తే జనం. నేను నోరు తెరవకముందే ఆయన "దానికి ఒంట్లో బాగులేదు, ఆఫీసులో కల్లు తిరిగి పడిపోనాదట" అన్నారు అందరితో. అమ్మాయి నా మొహంలోకి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆటోలు లేవు. అదీ సంగతి.

నవంబరు 1, బుధవారం

పొద్దున్నించీ టపాకాయలు. ఛత్తీస్‌గఢ్ వచ్చేసిందట. అమ్మాయి నాతో మాట్లాడకుండానే భిలాయి వెళ్ళిపోయింది.

ఆటోలున్నాయి.

నా పుస్తకంలో నేను అబద్ధం రాసుకున్నాను. ఎవరు చదువుతారని? రోడ్లు మూసింది అటువైపు, మా దారి తెరిచే ఉంది. మళ్ళీ రాస్తాను, సిగ్గు లేకుండా.

పూట సెలవు పెట్టాను. నారింజ చీర కట్టుకునే ఆఫీసుకెళ్ళాను. ఒంటిగంటకే పనంతా అయిపోయింది. రెండింటికి బయల్దేరితే చాలు, అరగంట దారి. గంట టైముంది కదా అని ఒక ఆట పెట్టాను. పోయింది. ఇంకోటి. పోయింది. ఇవాళ మంచి రోజు, గెలిచి లేద్దాం అనుకున్నాను. రెండయింది. తెర కింద మూల గంటలు కనిపిస్తూనే ఉంటాయి, కనిపించలేదని ఎవరైనా అంటే చెప్పుతో కొట్టాలి. రెండూ ఇరవై. ఈ ఒక్క ఆట అయ్యాక. మూడు. ఆటోవాణ్ణి తొందరపెడితే సరిపోతుంది. నల్ల తొమ్మిది దొరికితే అయిపోతుంది, నల్ల తొమ్మిది ఎక్కడో అడుగున పడింది. మూడున్నర. అక్కడ ఉపన్యాసాలే గంట ఉంటాయి, దండల వేళకు చేరినా చాలు. ఈ ఒక్కటి. చీర కుచ్చిళ్ళు కుర్చీ చక్రం కింద నలుగుతుంటే ఒక చేత్తో లాక్కుంటూ రెండో చేత్తో ఆడాను. నాలుగూ నలభైకి ప్యూను వచ్చి, "అమ్మా, మీరింకా వెళ్ళలేదా?" అని అడిగాడు.

నేను చేరేసరికి షాపు ముందు టెంటువాళ్ళు కుర్చీలు మడతపెడుతున్నారు. నేల మీద బంతిరేకులు తొక్కుడుపడి ఉన్నాయి.

జేబులో టెలిగ్రాం పెట్టుకుని మనిషన్నవాడు ఎలా ఆడతాడు? ఇలా ఆడతాడు. నేను పద్దెనిమిదేళ్ళు ఊరంతా అడిగిన ప్రశ్నకు నాకు జవాబు తెలిసిపోయింది, నాకక్కర్లేదు ఈ జవాబు! తెలియకుండా ఉంటే బాగుండేది. తెలిసి ఆడాడు, లెక్కలేక ఆడాడు అనుకుని ఆ కోపంతో నేను నిలబడ్డాను ఇన్నాళ్ళూ.

నవంబరు 2

ఆఫీసుకు వెళ్ళలేదు. ఆయన ఇంట్లోనే ఉన్నారు, ఎక్కడికి వెళ్ళాలో తెలియక. పొద్దున అలవాటు చొప్పున ఆరింటికే లేచి షాపు చొక్కా తొడుక్కుని, మళ్ళీ విప్పారు. నాకు కాఫీ ఇచ్చి "ఒల్లు ఎలగుంది?" అన్నారు. తన అబద్ధం తనే నమ్ముతున్నట్టు! విసిరికొట్టాలనిపించింది ఆ గ్లాసు.

నవంబరు 3, శుక్రవారం

పైడమ్మ మిరియాల చారు కాచుకుని వచ్చింది. వెనకాల మరో ముగ్గురు. "కల్లు తిరగడమంటే రక్తం నేకపోవడమే తాయారూ, బీట్‌రూట్ తిను." "బీపీ చూపించుకున్నావేటి?" "పరదేశి బావు ఎంత బెంగెట్టుకున్నాడో! దండలేస్తుంటే గేటు వేపే సూపు."

ఆయన వరండాలో స్టూలు మీద కూర్చుని ఫ్యాను రెగ్యులేటరు విప్పుతున్నారు. తల ఎత్తలేదు. "దానికి పడుకోవాల, ఎల్లండమ్మా" అన్నారు.

నాకెక్కడ మండిందో మండింది. నేను ఈయన తప్పును బొబ్బిలి నుంచి రాయపూర్ దాకా చాటాను. ఈయన నా తప్పుకు దుప్పటి కప్పుతున్నాడు. ఎవడు కప్పమన్నాడు ఈ దుప్పటి?

"నాకు రోగమూ లేదు రొష్టూ లేదు" అన్నాను. కాదు, అరిచాను. "ఆఫీసులో పేకాడుతూ కూర్చున్నాను. కంప్యూటరులో. ఒంటిగంట నుంచి నాలుగూ నలభై దాకా. అందుకే రాలేదు. వినబడిందా?"

ముందు పైడమ్మ నవ్వింది. ఆమెను చూసి అందరూ నవ్వారు. "ఓలమ్మో, తాయారు పేకాడ్డమేటే! సూర్యుడు పడమట పొడుస్తాడేటి!" పొట్టలు పట్టుకున్నారు. "జొరం తలకెక్కినట్టుంది, పడుకోబెట్టు బావూ" అని చారు గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. ఒక్కతీ నమ్మలేదు. నమ్మేలా నేను బతికితే కదా!

ఆయనొక్కరే నవ్వలేదు. స్క్రూడ్రైవరు కింద పెట్టారు.

"నిజమేనేటి?"

"నిజమే."

"గెలిచేవా?"

"లేదు."

"నాను గూడ ఆరోజు గెల్లేదు" అన్నారు.

ఆ రోజు గురించి పద్దెనిమిదేళ్ళలో ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాట. నేను రానిచ్చానా? ఇప్పుడు నేనే అడిగాను, "జేబులో అది ఉందని తెలుస్తూ ఉండేదా?"

"తెలుస్తానే ఉంది. ఇక్కడ కాల్తన్నట్టే ఉంది. ఈ ఆటయ్యాక ఎల్దారి, ఈ ఆటయ్యాక ఎల్దారి అనుకున్నాను."

నేను గోడకు ఆనుకున్నాను. ఆయన మళ్ళీ రెగ్యులేటరు చేతిలోకి తీసుకోబోయారు. అది చూసి నాకు పిచ్చెక్కింది.

"తిట్టండి నన్ను! అలా కూర్చుంటారేం? నేను మిమ్మల్ని ఎన్నన్నాను? ఒక్కటైనా అనండి. కుళాయి దగ్గరికెళ్ళి చెప్పండి అందరికీ. అనండి!"

"ఏటంతాను..."

"అనండంటే!"

ఆయన లేచి నిలబడ్డారు. స్టూలు పక్కకు పడింది. మొహం ఎర్రబడిపోయింది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు.

"నీ కుర్సీలో ఎవల్నీ కూకోనివ్వనేదు నాను! గంగాభవాని కూకుంతానంటే వద్దన్నాను, మీ యమ్మ వస్తాదన్నాను. మళ్ళీ మళ్ళీ ఆపినాను మీటింగు. ఐదు నిమిషాలాగండి, ఐదు నిమిషాలాగండి అని సాహెబుని బతిమాలినాను. ఆల్లెంతసేపు ఆగుతారు? ఆఖరికి నీ దండ కుర్సీకేసినారు. ఒట్టి కుర్సీకి! సచ్చిపోయినోల్లకేసినట్టు నా పెళ్ళానికి దండేసినారు, దాని పక్కన కూకొని నాను పొటో దిగినాను! అందరూ సప్పట్లు కొట్టినారు. నాను నవ్వినాను తాయారూ, పొటో కోసరం నవ్వినాను!"

గోడ అవతల పైడమ్మ ఇంట్లో రేడియో ఆగిపోయింది. వినపడే ఉంటుంది, వీధంతా వినపడి ఉంటుంది. ఆయన ఇంకా అరుస్తూనే ఉన్నారు. అమ్మ పోయినప్పటి నుంచి ఒక్కొక్కటీ, నేను కుళాయి దగ్గర అన్నవి, దినాల్లో అన్నవి, సూపర్‌వైజరు పెళ్ళాంతో అన్నవి, నేను మర్చిపోయినవి కూడా, ఏ రోజు అన్నానో తారీకులతో సహా. నేను నిలబడి అన్నీ విన్నాను. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.